ఇచ్ఛాపురమా, ఛత్రపురమా, ఊరి చివర అంబపువానా?

ఉత్తరం:

అప్పకి నమస్కారం. మాది ఒడిశాలో బరంపురం. బడాబజార్ దగ్గర రెండు గదుల వాటాలో తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నాం. మా ఆయన ఇక్కడే ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు చూస్తారు. పాప ఇంగ్లీషు మీడియంలో నాలుగో తరగతి. బాబుకి నాలుగేళ్ళు. అత్తగారికి 68 ఏళ్ళు, షుగరు ఉంది, మోకాళ్ళు పట్టేస్తాయి. నెలకోసారి ఎంకేసీజీ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇల్లు చాలడం లేదు. గుమ్మం దాటితే బళ్ళు. పిల్లలు ఆడుకోవడానికి మెట్లు తప్ప జాగా లేదు. కాస్త ఊరికి ఎడంగా, నెమ్మదిగా ఉండే చోటికి వెళ్దామనుకుంటున్నాం. మా ఆయన ఛత్రపురం పక్క ఒక ప్లాటు చూసొచ్చారు. అత్తగారు మాత్రం "ఇచ్ఛాపురం పోదాం, మన గుంటలు మన భాషలో చదువుకుంటారు" అంటున్నారు. ఆడపడుచు గోపాల్‌పూర్ అంటుంది, సముద్రపు గాలి అని. నాకేమో బరంపురం చివర్న, అంబపువా పక్కన అయితే చాలనిపిస్తోంది. చేతిలో ఎనిమిది లక్షలున్నాయి. ఇప్పటి అద్దె 7,500. ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పిల్లలున్న ఇంటికి ఏ ఊరు మంచిదో చెప్పండి.

ఒక చెల్లి, బరంపురం

సమాధానం:

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊళ్ళ పేర్లే కనిపించాయి. రెండోసారి చూస్తే ఒక్కో ఊరూ ఇంట్లో ఒక్కొక్కరి పేరు మీద ఉంది. ఛత్రపురం మీ ఆయనది, ఇచ్ఛాపురం మీ అత్తగారిది, గోపాల్‌పూర్ ఆడపడుచుది, అంబపువా నీది. బడి మారాల్సింది పాప. దాని మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. బాబు సరే, నాలుగేళ్ళవాడు, ఎక్కడ దింపితే అక్కడే ఆడుకుంటాడు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ ఏడాదికి ప్లాటు వద్దు. ఇచ్ఛాపురం వద్దు. గోపాల్‌పూర్ అసలు వద్దు. బరంపురం అంచునే మంచి ఇల్లు చూసుకుని అద్దెకు దిగండి. ఎందుకంటున్నానో చెబుతాను. నచ్చకపోతే మళ్ళీ రాసి గొడవ పడు, నేనేమీ అనుకోను.

గోపాల్‌పూర్ సంగతి తొందరగా తేల్చేద్దాం. నేనక్కడ మూడేళ్ళు అద్దెకున్నాను. ఆదివారం వచ్చినవాళ్ళందరూ "ఎంత అదృష్టవంతులండీ మీరు" అనేవారు. ఆ అదృష్టం ఎలాంటిదంటే, కిటికీ ఊచలకి ఏటా రంగు వేయిస్తే తప్ప పెచ్చులు లేచిపోయేవి. ఫ్రిజ్ వెనక రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది. ఉప్పు డబ్బా మూత తీస్తే అడుగున నీళ్ళూరి ఉండేవి. 2013 అక్టోబరు 12న, సరిగ్గా దసరా రోజుల్లో, ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముందు రోజే అధికారులు ఖాళీ చెయ్యమంటే పిల్లల్ని తీసుకుని బరంపురంలో చుట్టాలింటికి వచ్చేశాం. తిరిగి వెళ్ళేసరికి మా వీధిలో వేపచెట్టు ఒక్కటీ నిలబడి లేదు. ఎదురింటి రేకులు మా వరండాలో పడున్నాయి. నెల తిరక్కుండా ఇల్లు మారాం. సముద్రం కావాలంటే పదిహేను కిలోమీటర్లేగా, ఆదివారం వెళ్ళి చూసుకుని పల్లీలు తిని వచ్చెయ్యండి.

తుపాను భయం ఒక్క గోపాల్‌పూర్‌దే కాదనుకో. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస పక్కన తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటల్నీ జీడి తోటల్నీ నేలమట్టం చేసింది. అటు గజపతి జిల్లా కొండల్నీ వదల్లేదు. మనది ఈ తీరం, తప్పదు. ఎక్కడ ఇల్లు చూసినా పైన స్లాబు ఉందా రేకా, ఇంటి మీదికి వాలిన కొబ్బరిచెట్టు ఉందా అన్నవి చూడాలి. అంతకు మించి మన చేతుల్లో లేదు.

ఇక ఛత్రపురం. మీ ఆయనకి ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. బరంపురం అంత పెద్ద ఊరైనా గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురమే. కలెక్టరాఫీసు ఉంది, వెడల్పు రోడ్లున్నాయి, పాత చెట్లున్నాయి. పక్కనే తంపర చెరువు. 2021లో దానికి రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేల అని) కూడా వచ్చింది. ఆదివారం పొద్దున్నే వెళ్తే నీళ్ళ మీద ఎండ, పడవ, కొంగలు, ఎవరికైనా ఇక్కడే ఉండిపోదామనిపిస్తుంది. నేనూ ఒకసారి అలాగే అనుకున్నాను. కానీ మీరక్కడ ఉండబోయేది ఆదివారాలు కాదు కదా. మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి మీ ఆయన బండి తియ్యాలి, లేదా రైలో బస్సో పట్టుకోవాలి. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, అదీ 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య. రాత్రి ఎనిమిదికి మళ్ళీ అంతా వెనక్కి. ఈలోగా మధ్యాహ్నం మీ అత్తగారికి షుగరు పడిపోతే ఎంకేసీజీకి ఎవరు తీసుకెళ్తారు? నువ్వే. ఒక చేత్తో బాబుని పట్టుకుని.

ఆయన కలెక్టరేట్‌లోనో, అక్కడి ఖనిజాల ఫ్యాక్టరీలోనో పనిచేస్తూ ఉంటే నేనే ఛత్రపురం వెళ్ళమనేదాన్ని. జీతం వచ్చే ఊళ్ళో ఉండడం కంటే సుఖం లేదు. మీకు జీతం బరంపురంలో, ఆస్పత్రి బరంపురంలో, పాప బడి బరంపురంలో. ఒక్క ఇల్లు మాత్రం ఛత్రపురంలో పెట్టుకుని ఏం చేస్తారు?

ప్లాటు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అందులో నా చెయ్యి కాలింది. మేమూ ఒక బ్రోకరు మాట విని ప్లాటు కొన్నాం. ఊరు పేరు రాయను. "లేఅవుట్ అంతా క్లియర్, రేపే ఇల్లు కట్టుకోవచ్చు" అన్నాడు. ఒడియాలో ఉన్న పట్టా చూపించాడు. నాకు ఒడియా చదవడం వచ్చు, అయినా పేరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం చూసి ఊరుకున్నాను. కిసమ్, అంటే నేల రకం, అన్న గడి చూడలేదు. అందులో ఘరబారి అని ఉంటే ఇల్లు కట్టుకునే నేల. మాదాంట్లో శారద అని ఉంది. అంటే వరి పండే పొలం! ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద తహసీల్దారు దగ్గర డబ్బు కట్టి దాన్ని ఘరబారిగా మార్పించుకోవాలి. ఆ తిరుగుడులో నా చెప్పులు రెండు జతలు అరిగాయి. అది కాక మొదటి వానాకాలం చూద్దామని వెళ్తే మా ప్లాటులో పిల్లలు గాలం వేసి చేపలు పడుతున్నారు. ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం మా ఆయనతో వారం రోజులు మాటల్లేవు.

అందుకని మీ ఆయన చూసిన ప్లాటు నంబరు తీసుకుని ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో పట్టా తియ్యండి. కిసమ్ ఏమని ఉందో చూడండి. అమ్మేవాడి పేరూ పట్టాలో పేరూ ఒకటేనా చూడండి. పట్టాదారు ఎస్సీ లేక ఎస్టీ అయి, కొనేవాళ్ళు కాకపోతే అదే చట్టం 22వ సెక్షను ప్రకారం ముందుగా అధికారి అనుమతి ఉండాలి. అది లేకుండా రాసిన కాగితం చెల్లదు. రిజిస్ట్రారాఫీసులో ఈసీ, అంటే ఆ నేల మీద పాత అమ్మకాలూ తాకట్లూ చూపే కాగితం, తీయించండి. బ్రోకరు "ఇవన్నీ ఎందుకమ్మా, నేను చూసుకుంటాగా" అన్నాడంటే, అక్కడ టీ తాగేసి వచ్చెయ్యండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనే అనుకుందాం. మీ ఎనిమిది లక్షలూ ఆ నేలలో పోస్తే ఇల్లు కట్టడానికి మిగిలేదేమిటి? బ్యాంకు లోను తెస్తే నెలనెలా వాయిదా, దానితో పాటు బడాబజార్ అద్దె. ప్లాటు మీ పేరున ఉంటుంది, పిల్లలు మాత్రం ఇంకో నాలుగేళ్ళు ఆ మెట్ల మీదే ఆడతారు. మీ బాధ ఇరుకు ఇల్లు. ప్లాటు దానికి మందు కాదు.

ఇప్పుడు ఇచ్ఛాపురం. ఇక్కడ నేను జాగ్రత్తగా రాయాలి. మీ అత్తగారు ఈ ఉత్తరం మీ చేత చదివించుకుంటారని నాకు తెలుసు. అమ్మా, నమస్కారం. మీరన్న మాటలో తప్పు లేదు. బజారుకెళ్తే బోర్డులు మన అక్షరాల్లో కనిపించడం, కూరలబ్బాయితో మన యాసలో బేరమాడడం, స్వేచ్ఛావతి అమ్మవారి గుళ్ళో పక్కన కూర్చున్నావిడతో మోకాళ్ళ నొప్పి చెప్పుకోవడం, ఇవి చిన్న సుఖాలు కావు. అరవై దాటాక మనిషికి ఊరంటే మాటలాడేవాళ్ళే. నాకూ అంతే.

పైగా ఇచ్ఛాపురం మనకి దూరమా? బరంపురానికి పాతిక కిలోమీటర్లు. గొళంతర దాటి, గిరిసోల చెక్‌గేటు దాటితే ఆంధ్రా. హౌరా నుంచి చెన్నై పోయే లైను మీదే స్టేషను. నాయకులు రాష్ట్రమంతా నడిచి నడిచి పాదయాత్ర ముగించే ఊరది. 2003లో రాజశేఖరరెడ్డీ, 2019 జనవరిలో జగనూ అక్కడే ఆపారు. మీరు మాత్రం యాత్ర అక్కడ మొదలుపెడతామంటున్నారు, అదీ రోజూ!

చెల్లీ, లెక్క వేద్దాం. రోజుకి రానుపోను 50 కిలోమీటర్లు. నెలకి 25 రోజులంటే 1,250. బండి లీటరుకి 50 ఇచ్చిందనుకున్నా 25 లీటర్లు. లీటరు వంద పైనే కాబట్టి పెట్రోలుకే 2,500 దాటిపోతుంది. ఇచ్ఛాపురంలో అద్దె ఆ మేరకు తగ్గినా ఆ తేడా బంకువాడికి పోతుంది. రైలుకైతే ఖర్చు తక్కువే, కానీ ఏజెన్సీలో నెలాఖరు లెక్కలున్న రోజు రైలు టైముకి బయటపడగలరా? ఆయన్నే అడుగు. ఆయన పని గురించి ఆయనకంటే నాకెక్కువ తెలీదు.

పెట్రోలు కంటే పెద్ద విషయం, ఆ గేటు దాటితే రాష్ట్రం మారిపోతుంది. ఓడీ-07 నంబరు బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించి పన్ను కట్టాలి. పోనీ, బండిదేముంది. కులం సర్టిఫికెట్టు చూడు. ఏ కులం ఏ జాబితాలో ఉందన్నది రాష్ట్రానికో రకంగా ఉంటుంది. ఇక్కడ ఒక జాబితాలో ఉన్నవాళ్ళు అక్కడ ఇంకోదాంట్లో ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. ఎస్సీ, ఎస్టీలైనా సరే, వేరే రాష్ట్రం నుంచి వెళ్ళినవాళ్ళకి తండ్రి సర్టిఫికెట్టును బట్టి కాగితం ఇస్తారు గానీ, వెళ్ళిన రాష్ట్రపు రిజర్వేషను రాదు. మీరెవరో నాకు తెలీదు, మీరే చూసుకోండి.

అన్నిటికన్నా పెద్దది పాప చదువు. నాలుగో తరగతి పిల్లకి ఇప్పుడే నీట్ గురించి ఏమిటంటావేమో. ప్రభుత్వ మెడికల్ కాలేజీ సీట్లలో 15 శాతమే దేశమంతటికీ, మిగతా 85 శాతం ఆ రాష్ట్రం పిల్లలకి. ఆంధ్రలో స్థానికత అన్నది పిల్ల ఎక్కడ చదివింది అన్న లెక్క మీద నడుస్తుంది. ఒడిశాలోనూ నివాసం, చదువు చూస్తారు. నేను బడిలో పనిచేసిన రోజుల్లో ఎనిమిది వరకు ఇక్కడ, తొమ్మిదీ పదీ అక్కడ, ఇంటర్ ఇంకెక్కడో చదివించి, చివర్న ఏ రాష్ట్రానికీ చెందని పిల్లల్ని చూశాను. తల్లిదండ్రులు ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవారు. గేటు దాటడం తప్పు కాదు. దాటితే ఆరో తరగతి లోపు దాటి, మళ్ళీ వెనక్కి రాకూడదు. అటూ ఇటూ ఊగితేనే ముప్పు.

పింఛను మాట మీ అత్తగారి చెవిన పడే ఉంటుంది. అవును, ఆంధ్రలో 2024 జూలై నుంచి వృద్ధులకి నెలకి 4,000 ఇస్తున్నారు. కానీ అక్కడి రేషను కార్డు, అక్కడి ఆధారు చిరునామా, ఇంటి ఆదాయం, అన్నీ చూస్తారు. వెళ్ళగానే చేతిలో పెట్టరు. ఇక్కడ మధుబాబు పింఛను వస్తూ ఉంటే ఊరు మారాక అది ఆగిపోతుంది. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కూడా అంతే, అక్కడివాళ్ళకే.

నీళ్ళ సంగతి దాచడం ఇష్టం లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, ఇదంతా ఉద్దానం. కిడ్నీ జబ్బు అక్కడి ఊళ్ళని ఎంతగా పీడిస్తోందో మనందరికీ తెలుసు. నీళ్ళ వల్లనా, ఎండలో పని వల్లనా, మరోటా అన్నది ఇదమిత్థంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. వంశధార నీళ్ళు హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చే పథకం పెట్టారు. లక్షల మంది అక్కడ బతుకుతున్నారు, మా పిన్ని కూతురు ఇరవై ఏళ్ళుగా శుభ్రంగా ఉంది. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ షుగరున్న మనిషికి కిడ్నీలు మొదటే కాస్త జాగ్రత్తగా చూసుకోవాల్సిన సరుకు. అక్కడికి వెళ్ళేటట్టయితే ఏ వీధికి ఏ నీళ్ళొస్తాయో అడగకుండా ఇల్లు తీసుకోవద్దు. ఏడాదికోసారి అత్తగారికి కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష మానొద్దు. నిజానికి బరంపురంలో ఉన్నా మానొద్దు.

"మన భాష" అన్నదానికి వస్తాను. మీ అత్తగారికి తట్టని సంగతి ఒకటుంది. ఆవిడకి తెలుగు వచ్చు కాబట్టి తెలుగు బడి సుఖం. పాపకి మాట్లాడడమే వచ్చు, అంతేనా? బడిలో ఇంగ్లీషు, ఒడియా, హిందీ రాస్తోంది. దాన్ని తీసుకెళ్ళి అయిదో తరగతి తెలుగు వాచకం ముందు కూర్చోబెడితే, ఇన్నాళ్ళూ క్లాసులో ముందుండే పిల్ల ఒత్తులు రాక వెనక బెంచీకి పోతుంది. అక్కడి పిల్లలు నవ్వుతారు. "నువ్వు ఒడియా దానివా?" అంటారు. ఇక్కడేమో "తెలుగుదానివా?" అన్నారు. సరిహద్దు పిల్లలకి ఇది మామూలే, మా అందరికీ జరిగిందే. కానీ తొమ్మిదేళ్ళ పిల్లని చూస్తూ చూస్తూ అందులోకి దింపాలంటే ముందు ఒక ఏడాది ఇంట్లో అక్షరాలు నేర్పాలి.

ఆ పని మీ అత్తగారు ఇవాళే మొదలుపెట్టొచ్చు. నేను పర్లాకిమిడిలో పుట్టాను. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన మనసు కష్టపడి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతకి వెళ్ళే స్తోమత లేదు, ఉండిపోయాడు. పొద్దుగుంకాక అరుగు మీద మా నాయనమ్మ బియ్యం పళ్ళెంలో వేలితో దిద్దించిన అక్షరాలే నా తెలుగు. ఆ తెలుగుతోనే నేను పాతికేళ్ళు ఉద్యోగం చేశాను, ఆ తెలుగుతోనే నీకిది రాస్తున్నాను. రోజుకి అరగంట చాలు. అత్తగారికీ ఒక పని దొరుకుతుంది, ఇంట్లో ఈ గొడవ కూడా కొంచెం చల్లబడుతుంది.

మిగిలింది నీ అంబపువా. అంబపువానే కావాలని నేనూ పట్టుబట్టను. అంకులి అవనీ, హలదియాపదర్ అవనీ, బరంపురం అంచున ఎక్కడైనా సరే. ఆయన పని, ఆస్పత్రి, పాప బడి, మూడూ మారకుండా ఇల్లొక్కటే మారుతుంది. పిల్లలున్న ఇంట్లో ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది నా పట్టుదల. అద్దె వెయ్యో రెండు వేలో ఎక్కువైనా ఇవ్వండి. ఎనిమిది లక్షలూ బ్యాంకులో ఎఫ్‌డీ వేసెయ్యండి. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి. నచ్చకపోతే పోయేది లారీ కిరాయి, అంతే.

కానీ అంచు అనగానే మంచిదని కాదు. అక్కడా చెత్త ఇళ్ళున్నాయి. నువ్వు ఒక్కదానివే వెళ్ళి ఫ్లోరింగు, వంటగది చూసి రావద్దు. మీ అత్తగారిని తీసుకెళ్ళు. ఇంట్లోకి తర్వాత, ముందు ఆవిడ్ని ఆ ఇంటి గుమ్మం నుంచి పాల బూత్ దాకా నడవనివ్వు. నువ్వు వెనక నడువు, చెయ్యి పట్టుకోకు. మా చెల్లెలు ఇలాగే ఒక ఇల్లు ఇంచుమించు ఖాయం చేసింది. కొత్త టైల్స్, గాలి, వెలుతురు, అన్నీ బాగున్నాయి. మా అమ్మని నడిపించి చూస్తే నాలుగిళ్ళ అవతల కాలువ మీద పలక లేదు. ఒక విద్యుత్ స్తంభం పడుకోబెట్టి ఉంది, మగాళ్ళు దాని మీంచి దాటిపోతున్నారు. అమ్మ అక్కడ ఆగింది. ఒక కాలు ముందుకి పెట్టింది, వెనక్కి తీసుకుంది, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మళ్ళీ పెట్టింది. తర్వాత మా వైపు తిరిగి "పాలు వాడే తెచ్చిస్తాడులే" అంది. ఆ ఇంట్లో ఉంటే ఆవిడ గడప దాటేది కాదు. చెల్లెలు ఆ ఇల్లు వదిలేసింది.

నీళ్ళ సంగతి ఓనరుని అడక్కు. "ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి" అంటాడు, ఓనర్లందరూ అదే అంటారు. పక్కింటావిడ బట్టలుతుకుతుంటే రెండు నిమిషాలు నిలబడి మాట్లాడు. బకెట్టు లోపల చూడు. ఎర్రటి చార ఉంటే బోరులో ఇనుము ఉంది, తెల్ల బట్టలు ఇక మర్చిపో. తెల్లగా పేరుకుని ఉంటే ఉప్పునీళ్ళు, కుక్కరు అడుగూ గీజరూ పోతాయి. మునిసిపాలిటీ కుళాయి ఏ టైముకి వస్తుందో, మే నెలలో టాంకరు తెప్పించుకున్నారో లేదో కూడా ఆవిడే చెబుతుంది. ఇంకో అయిదు నిమిషాలు నిలబడితే పాత అద్దెవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారో కూడా చెబుతుంది.

రాత్రి ఏడున్నరకి ఒకసారి వెళ్ళు. పాప ట్యూషన్ నుంచి వచ్చే దారిలో లైట్లున్నాయా, కుక్కలెన్ని, మూల మీద పాన్ షాపు దగ్గర ఎవరు నిలబడతారు, అదంతా పగలు కనిపించదు. తొమ్మిదింటికి మందుల షాపు తెరిచి ఉందేమో చూడు. అక్కణ్ణించి ఎంకేసీజీకి ఆటో అడిగి చూడు, నిజంగా ఎక్కక్కర్లేదు, వస్తాడో లేదో తెలిస్తే చాలు. పాప బడి బస్సు ఆ వీధి దాకా వస్తుందో, మెయిన్ రోడ్డు మీదే ఆపేస్తాడో డ్రైవర్నే అడుగు. బడి ఆఫీసులో అడిగితే "అన్ని రూట్లూ ఉన్నాయి మేడం" అంటారు.

ఆడుకునే జాగా అన్నావు. పార్కు కోసం వెతక్కు. ఇళ్ళ మధ్య ఇంకా ఇల్లు పడని ఖాళీ జాగా, అందులో సాయంత్రం క్రికెట్టాడే పిల్లలు, గోడ మీద కూర్చుని చూసే తల్లులు కనిపిస్తే ఆ వీధి మంచిది. ఆడపిల్లలు కూడా ఆడుతున్నారా చూడు. వీధి ఎలాంటిదో ఏ బ్రోకరూ చెప్పలేనంత బాగా అది చెబుతుంది.

ఇరుగుపొరుగు ఒడియావాళ్ళైతే ఏమిటని మీ అత్తగారు సందేహిస్తారేమో. తొమ్మిదేళ్ళుగా బడాబజార్‌లో ఉన్నావు, నీకు తెలియనిది కాదు. బరంపురంలో ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి వస్తే ఘటాల వెనక నడిచే జనంలో ఎవరు ఒడియా ఎవరు తెలుగు అని వేరు చెయ్యగలమా? నాకైతే కొత్త వీధిలోకి వెళ్ళిన మొదటి వారంలో అన్నం పెట్టింది ఒడియా ఇల్లే. దాల్మా గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళి పప్పుచారు ఇచ్చొచ్చాను. ఆ గిన్నె ఆరేళ్ళు అటూ ఇటూ తిరిగింది. చివరికి ఎవరిదో మర్చిపోయాం.

ఒక్క చోట నా మాట తప్పు కావచ్చు. మీ ఆయనకి రేపు ఏజెన్సీవాళ్ళు శ్రీకాకుళం పక్క పని అప్పగిస్తే, లేదా మీ అత్తగారి అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఇచ్ఛాపురంలోనే ఉండి రోజూ చూసుకుంటామంటే లెక్క మారిపోతుంది. పక్కింట్లో సొంత మనుషులుండడం ఆస్పత్రి దగ్గరుండడం కంటే తక్కువేం కాదు. అక్కడ మీ అత్తగారికి చుట్టాలున్నారా, లేక భాష ఒక్కటేనా అన్నది నువ్వు రాయలేదు. ఆవిణ్ణే అడుగు.

తొందరపడకు. వానలు పడనీ. గట్టిగా వాన కురిసిన మర్నాడు పొద్దున్నే రెండు మూడు ఇళ్ళు చూసి రండి. ప్రహరీ గోడ మీద తడి చార ఎంత ఎత్తులో ఉందో, వాకిట్లో బురద ఎక్కడిదాకా వచ్చిందో అప్పుడు కనిపిస్తుంది. ఛత్రపురం ప్లాటు కూడా ఆ రోజే చూపించమని మీ ఆయనకి చెప్పు, చేపలేమైనా ఉంటే పట్టుకురమ్మను. పాపని బడి మాన్పించైనా వెంట తీసుకెళ్ళు. ఈసారి ఉత్తరంలో అదేమందో కూడా రాయి.

నీ అప్ప